రేవుపడవ అనుమతిపత్రము

(ఉన్నత తరగతుల విద్యార్థుల కొక పాఠము)



మీలో పలువురు ప్రతిదినమును ఉదయము ఏటి కావలి లంకగ్రామములనుండి పడవపై వచ్చి, సాయంకాలము మరల పడవపైననే యిండ్లకు పోవుచున్నారు. ఆ పడవలో సరంగు నిలుచు చోటునకు వెనుక, చిన్న కొయ్యచట్రమునందు అద్దము క్రింద నొక కాగితము వ్రేలాడుచుండుట మీరెల్లరును చూచియే యుందురు. దానిని చదివినవా రెందరు?

గత జనవరి మాసమున నొక సోమవారమునాడు తొమ్మిదవ తరగతిలో నేనీ ప్రశ్న నడిగితిని. పడవపై వచ్చువారిలో నిద్దరు మాత్రమే చేయెత్తిరి. అందొక బాలుడు కాలక్షేపమునకు చదివితినని చెప్పెను గాని, అందేమి కలదో చెప్పలేకపోయెను. రెండవది యొక బాలిక. ఆమె యా కాగితములోని యంకె నొకదానిని జ్ఞాపక ముంచుకొనెను. ఆ యంకె 24. “అది దేని సంఖ్య?” అని యడుగగా, “పడవలో నెక్కదగినవారి సంఖ్యయండీ” అని చెప్పి, ఒక క్షణ మాగి, “కాని నేడు మేము 40 మందిమి వచ్చితిమండీ” అని తల వంచుకొనెను.

తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. ఆ నిశ్శబ్దమునుండియే యీ పాఠము పుట్టినది. ఆ కాగితము పేరు అనుమతిపత్రము. వాడుకలో లైసెన్సు అందుము. అది యేల ఇయ్యబడును? గడువు తీరిన పిమ్మట మరల నేల పుచ్చుకొనవలయును? దానివలన నెవరికి మేలు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము తెలిసికొందము.

1. రేవు ఎవరిది?

గోదావరి ధవళేశ్వరమునకు దిగువను గౌతమి యనియు వసిష్ఠ యనియు రెండు పెద్ద పాయలుగా చీలుచున్నది. వసిష్ఠనుండి వైనతేయ మను మరియొక పాయ విడిపోవుచున్నది. ఈ పాయల నడుమ నున్న భూమియే కోనసీమ. నలుదెసల నీరు గల దేశమున రేవు లేక బ్రదుకు లేదు. నరసాపురమునకును సఖినేటిపల్లికిని నడుమ వసిష్ఠపైనను, కోటిపల్లికిని ముక్తేశ్వరమునకును నడుమ గౌతమిపైనను గల రేవులు మన ప్రాంతమున నందరెరిగినవే. 1847వ సంవత్సరమున ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పంటలకు నీరిచ్చుటయే గాక, తన కాలువలపై పడవల రాకపోకలకును దారి కల్పించెను. చాలకాలము వరకు ధాన్యమును, కొబ్బరియు, జనులును ఆ కాలువలమీదనే సాగిరి.

వంతెనలు వచ్చినకొలది కొన్ని రేవుల పని తగ్గినది. యానామునకును ఎదుర్లంకకును నడుమ గౌతమిపై వంతెన 2002లో తెరవబడిన పిమ్మట అచ్చటి ప్రయాణికులకు పడవకొరకు కాచుకొను శ్రమ తప్పినది. అయినను వంతెన లేని లంకలింకను కలవు. ఆ లంకలలోని రోగికి, రైతునకు, చదువుకొను బిడ్డకు నేటికిని పడవయే దారి.

రేవులలో తిరుగు వానిలో ముఖ్యముగా మూడు తెగలు. గెడతోను తెడ్డుతోను, లేక చిన్న ఇంజనుతోను నడచు నాటుపడవ మొదటిది. మోటారుబండ్లనుగూడ నెక్కించుకొను వెడల్పైన పంటు రెండవది. పైకప్పును పెద్ద ఇంజనును గల లాంచి మూడవది. మన పాఠశాల రేవులో నున్నది ఇంజనుగల నాటుపడవ.

రేవు రాజవీథివంటిది. అది యే యొక్కని సొత్తును గాదు, ప్రజలది. అందుచేతనే ఇష్టము వచ్చినవాడు ఇష్టము వచ్చిన పడవను తెచ్చి ఇష్టము వచ్చినంత కూలి తీసికొనుటకు వీలులేదు. మదరాసు రాజధానిలో 1890వ సంవత్సరపు 2వ చట్టము కాలువలపై పడవల రాకపోకలను, ప్రజల రేవులను క్రమపరచుటకే పుట్టినది. రేవు నడుపు హక్కును పంచాయతీ మొదలగు స్థానిక సంస్థలు వేలము వేసి, పాట నెగ్గినవానికి గడువు పెట్టి యిచ్చుట మన ప్రాంతమున చిరకాలపు వాడుక. ఆ సొమ్ము ప్రజల ఖాతాలో జేరును.

2. ఒక్క కాగితము కాదు, మూడు మాటలు

అనుమతి యనగా నొక్కటే యని మనము తలచుచుందుము. విమర్శించి చూడగా అందు మూడు వేరు వేరు మాటలు గలవు.

మొదటిది రేవును గూర్చినది. “ఈ చోట, ఈ కాలమువరకు, ఈ కూలికి జనులను దాటింపవచ్చును” అని చెప్పునది. ఇది పాట పాడినవానికి దొరకును.

రెండవది పడవను గూర్చినది. “ఈ పడవ గట్టిది, ఇంతమందిని మోయగలదు” అని పరీక్షించి చెప్పునది. ఇది సొమ్మునకు దొరకునది గాదు. పడవ యడుగు చూచి, ఇంజను చూచి, ప్రాణరక్షక సాధనములు లెక్కించి యిచ్చునది.

మూడవది మనుష్యుని గూర్చినది. “ఈ సరంగు పడవ నడుప నేర్చినవాడు” అని చెప్పునది.

ఈ రెండవ, మూడవ మాటలకు ఆధారముగా చాలకాలము మన దేశమున 1917 నాటి చట్ట మొకటి యుండెను. అది దేశములోపలి నదులపై యంత్రముతో నడచు నావలను గూర్చినది. దాని ప్రకారము పరీక్షాపత్రము ఒక సంవత్సరమునకు మించి చెల్లదు. దానిని పడవలో నందరికి కనబడు చోట నుంచవలెను. మీరు చూచు కొయ్యచట్రమునకు మూల మదియే. ఆ చట్టమునకు బదులుగా 2021లో క్రొత్త చట్టము చేయబడినది. నావల నమోదు, పరీక్ష, నడుపువారి యోగ్యత, బీమా, ప్రాణరక్షక సాధనములు, ప్రమాదములపై విచారణ మున్నగువాని కన్నిటికి దేశమంతట నొకే పద్ధతి నుంచుట దాని యుద్దేశము. యంత్రము లేని చిన్నపడవలను గూడ స్థానిక సంస్థల పుస్తకములలో నెక్కించు ఏర్పాటు అందు గలదు.

ఈ మూడు మాటలలో నొకటి లేకున్నను మిగిలిన రెండును వ్యర్థము. పాట పాడినవాడు ధనవంతుడు కావచ్చును. ధనము చిల్లులను పూడ్చదు. పడవ క్రొత్తది కావచ్చును. నేర్పు లేని చేయి దానిని స్తంభమునకు కొట్టింపగలదు.

3. మరల మరల నేల?

“ఒకమారు పరీక్షించి యిచ్చిన పత్రమును ఏటేట మార్చుకొననేల? ఇది రుసుము వసూలు చేయు ఉపాయము గాదా?” అని యొక విద్యార్థి నన్నడిగెను. ఈ ప్రశ్న పెద్దలును అడుగుదురు. దీనికి నేను చెప్పిన సమాధానముకంటె, మేము కన్నులార చూచినదే మంచి సమాధానము.

ఫిబ్రవరి మాసాంతమున మన రేవుపడవ అనుమతి గడువు తీరునని తెలిసి, ఒక శనివారమున పదునేనుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని యేటి యొడ్డునకు పోతిని. పడవను ఒడ్డున కీడ్చి, దుంగలపై నెక్కించి, ఒక ప్రక్కకు వంచియుంచిరి. నీటిలో నుండగా నల్లగా నిగనిగలాడు పడవ యడుగు, గట్టుపై చూడగా నాచును గుల్లలును పట్టి వేరొక పడవవలె నుండెను. దానినంతయు గోకి శుభ్రము చేసిరి. పిమ్మట పరీక్షాధికారి మొనగల యొక చిన్న యినుపచువ్వ చేతబట్టుకొని, పలక పలకయు తట్టుచు, గ్రుచ్చుచు నడచెను. గట్టి పలకపై చువ్వ “టక్కు” మని మ్రోగుచుండెను. అడుగున ఇంజనుకు సమీపమున నొకచోట శబ్దము రాలేదు. చువ్వ మెత్తని జున్నులోనికి దిగినట్లు రెండంగుళములు దిగిపోయెను.

ఎవ్వరును మాటాడలేదు. సరంగు వంగి, ఆ రంధ్రములో తన వ్రేలు పెట్టి చూచుకొనెను.

విద్యార్థులారా! ఆ పలక నిరుడు పరీక్షించినప్పుడు గట్టిదే. కొయ్య నీటను నానుచు, ఎండను ఎండుచు నుండును. మేకులు త్రుప్పు పట్టును. సందులలో దట్టించిన నార వదులగును. ఇంజను అదరుటచే మేకుల చుట్టునున్న కొయ్య చెడును. నూనెయు నీరును నిలిచిన చోట పలక లోలోపల క్రుళ్ళును. పైరంగు మాత్రము చెడదు. నిరుటి పత్రము నిరుటి పడవను గూర్చి సత్యము పలికినది. నేటి పడవను గూర్చి అది యేమియు చెప్పజాలదు. మనుష్యుని మాటకు గడువు లేకపోవచ్చును గాని, కొయ్యకు గడువు గలదు. ఏటేట పరీక్షించుటకు కారణ మిదియే.

ఆ దినమున అధికారి చూచినవి మరికొన్ని గలవు. లైఫ్‌జాకెట్లు తెప్పించి లెక్కించెను. 24కు 19 మాత్రమే దొరకినవి; వానిలో నాలుగింటికి కట్టుత్రాళ్ళు లేవు. నిప్పునార్పు సాధనమున కట్టిన తేదీ చూచెను. చుక్కానిని ఇరువైపులకు త్రిప్పించెను. బీమా పత్రమును, సరంగు యోగ్యతాపత్రమును, రుసుము చెల్లించిన రసీదును పరిశీలించెను. కడపట “రెండు పలకలు మార్చి, జాకెట్లు నింపువరకు పడవ నీట దిగరాదు” అని వ్రాసియిచ్చి పోయెను.

4. బరువు లెక్క

అధికారి 24 అను సంఖ్యను ఊహించి వేయలేదు. మీకు తెలిసిన గణితముతోనే దానిని పరిశీలింపవచ్చును.

తేలు వస్తువు తన బరువునకు సమానమైన బరువుగల నీటిని తొలగించునని ఆర్కిమిడీసు సూత్రమువలన మీరు నేర్చుకొంటిరి. ఒక ఘనమీటరు మంచినీటి బరువు 1000 కిలోలు. మన పడవ పొడవు 8 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు అనుకొనుడు. లెక్క సులభమగుటకు దానిని పెట్టెవలె నలుపలకగా భావింతము. అప్పుడు నీటిని తాకు వైశాల్యము 16 చదరపు మీటర్లు. పడవ 1 సెంటీమీటరు లోతునకు దిగినచో తొలగించు నీరు 0.16 ఘనమీటరు, అనగా 160 కిలోలు. కావున ప్రతి 160 కిలోల బరువునకు పడవ 1 సెంటీమీటరు మునుగును.

పడవయు ఇంజనును కలిసి 2400 కిలోలనుకొందము. ఒట్టి పడవ 15 సెంటీమీటర్లు మునుగును. పడవ ప్రక్కగోడ యెత్తు అడుగునుండి 50 సెంటీమీటర్లైనచో నీటిపైన 35 సెంటీమీటర్లు మిగులును.

మనిషికి 60 కిలోల చొప్పున 24 మంది 1440 కిలోలు. పడవ మరి 9 సెంటీమీటర్లు దిగును. నీటిపైన 26 సెంటీమీటర్లు మిగులును.

40 మంది 2400 కిలోలు. పడవ మరి 15 సెంటీమీటర్లు దిగును. నీటిపైన 20 సెంటీమీటర్లు మాత్రమే మిగులును. వీరితో 120 కిలోల మోటారుసైకిళ్ళు అయిదు నెక్కించినచో, ఆ 600 కిలోలకు మరి మూడుముప్పాతిక సెంటీమీటర్లు దిగి, 16.25 సెంటీమీటర్లు మిగులును.

“ఇంకను 16 సెంటీమీటర్లున్నవి గదా, భయమేమి?” అని మీరనవచ్చును. ఇచ్చటనే అనేకులు మోసపోవుదురు. పడవ తిన్నగా మునుగుట అరుదు; అది ఒరుగును. పడవ నడిమినుండి ప్రక్కగోడకు 1 మీటరు దూరము. పడవ ఎనిమిదింట నొక పాలు ఒరిగినచో, అనగా సుమారు 7 భాగల కోణము వంగినచో, ఒరిగిన ప్రక్క 12.5 సెంటీమీటర్లు దిగును. 24 మంది యున్నప్పుడు 26లో 12.5 పోగా 13.5 మిగిలియుండును. 40 మందియు బండ్లును ఉన్నప్పుడు 16.25లో 12.5 పోగా మిగులునది 3.75. రెండు వ్రేళ్ళ వెడల్పు! ప్రక్కనుండి పోవు లాంచి యొక యల రేపిన చాలును. నీరు లోనికి వచ్చును. వచ్చిన నీరు ఒరిగిన ప్రక్కకే ప్రవహించి దానిని మరింత ఒరుగజేయును. అటు పిమ్మట లెక్క వేయుటకు వ్యవధి యుండదు.

నిజమైన పడవ కొనలు సన్నగిల్లి యుండును. కావున ఒక సెంటీమీటరు దిగుటకు 160 కిలోలకంటె తక్కువ బరువే చాలును. అనగా మన లెక్కకంటె నిజము కఠినతరము.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. వెడల్పైన తొట్టిలో నీరు పోసి, అంచుగల రేకుపళ్ళెము నొకదానిని తేల్చుడు. అందులో గులకరాళ్ళను పలుచగా పరచుడు. పళ్ళెమును వ్రేలితో కొంచెము నొక్కి విడువగా, అది ఊగి మరల నిలుచును. ఇప్పుడు అవే రాళ్ళను నడుమ నొకదానిపై నొకటి కుప్పగా పేర్చుడు. బరువు మారలేదు. కాని వ్రేలు తగిలినంతనే కుప్ప కూలి, రాళ్ళొక ప్రక్కకు దొరలి, పళ్ళెము నీటిపాలగును. పడవలో కూర్చుండినవారు పరచిన రాళ్ళు, నిలుచుండినవారు కుప్ప. వాన చినుకు పడెనని, చేప యెగిరెనని అందరు నొక ప్రక్కకు పోవుట కుప్ప కూలుట.

5. గీత గీయువా డెవడు?

ఇంగ్లండు దేశపు చరిత్రలో నీ విషయమునకు దగ్గరి యుదాహరణ మొకటి గలదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటి ఓడల యజమానులు కొందరు మితిమించిన సరకు నింపి ఓడలను సముద్రమున కంపుచుండిరి. నావికులు మునిగిపోవుచుండిరి. శామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు దీనిపై పోరాడగా, 1876వ సంవత్సరపు చట్టముచే ప్రతి యోడ ప్రక్కను బరువుగీత గీయవలెనని నిర్ణయమయ్యెను. కాని యా చట్టమున నొక లోపముండెను. గీత యెచ్చట గీయవలెనో నిర్ణయించుట యజమానికే విడిచిరి! ఆ లోపమును దిద్ది, గీత స్థానమును ప్రభుత్వమే నిర్ణయించునట్లు చేసిన చట్టము 1890లో గాని రాలేదు. మన రాజధానిలో రేవుల చట్టము పుట్టినదియు ఆ 1890లోనే యగుట గమనింపదగినది.

పదునాలుగేండ్లు గీత యున్నను లేనట్లే యుండెను. ఏలయన, దానివలన నష్టపడువాడే దానిని గీసికొనుచుండెను. అనుమతిపత్రము యొక్క సారమంతయు నిందు గలదు. పడవవాడు మంచివాడు గాడని తలచి మనము మరియొకరిచే పరీక్ష చేయించుటలేదు. మంచివానికిని తన పలకపై నమ్మకము, తన కూలిపై నాశ యుండుట సహజము గనుక, లాభనష్టములు లేని మరియొకని చేతిలో చువ్వ నుంచుచున్నాము.

ఇచ్చట రేవుపాటను గూర్చియు నొకమాట చెప్పవలెను. వేలమున హెచ్చు పాడినవానికే రేవు దక్కును. పాట పెరిగినకొలది ఆ సొమ్మును తిరిగి రాబట్టుటకు ఎక్కువమందిని ఎక్కించు నాశయు పెరుగును. ప్రజల ఖాతాకు వచ్చిన హెచ్చు సొమ్ము ప్రజల ప్రాణములమీదనే వసూలు కావచ్చును. కావున పాట యెంత పలికినను, పడవ పరీక్షను దానితో ముడిపెట్టక వేరుగా, కఠినముగా జరుపుట న్యాయము.

6. పండ్రెండు దినములు

పడవ ఆగిపోయెను. వార్షిక పరీక్షలు సమీపించుచున్న కాలము. లంకల విద్యార్థులు దూరపు వంతెన చుట్టు తిరిగి రావలసివచ్చెను. కొందరు రానేలేదు. తల్లిదండ్రులు పాఠశాలకు వచ్చి మొరపెట్టుకొనిరి. కూరగాయలమ్ము స్త్రీలు తమ బుట్టలు వాడిపోవుచున్నవనిరి. “పలకలు మార్చుటకు వడ్రంగి దొరకువరకు, తాత్కాలికముగా పడవ నడుపుట కనుమతి యిప్పింపుడు. మీరొక అర్జీ వ్రాసినచో వినియెదరు” అని నన్ను కోరిరి.

నా తప్పు నేను చెప్పుకొనవలెను. నేనా అర్జీ వ్రాసితిని. మంచి భాషలో వ్రాసితిని. విద్యార్థుల భవిష్యత్తును గూర్చి, పేదల జీవనమును గూర్చి వ్రాసితిని. 60 మంది పెద్దలు సంతకములు చేసిరి. చువ్వ రెండంగుళములు దిగుట కన్నులార చూచిన నేను, ఆ మాట మాత్రము అర్జీలో వ్రాయలేదు.

కడపట సరంగు సంతకము కొరకు రేవునకు పోతిని. అతడు అరువదియేండ్ల వృద్ధుడు. పిల్లలందరు “తాతా” అని పిలుతురు. పడవ యాగిన దినములలో నతనికి కూలి లేదు. అందరికంటె ఎక్కువ నష్టమతనిదే. అర్జీని చదివి వినిపించితిని. అతడు సాంతము విని, “బాగా రాశారు మాస్టరుగారూ. కాని నా వేలు ఆ కన్నంలోకి దూరింది కదండీ. ఇప్పుడు ఏ చేత్తో సంతకం పెట్టమంటారు?” అని కాగితమును నా చేతిలో పెట్టెను.

నేను మారు పలుకలేక తిరిగి వచ్చితిని. అర్జీ పంపలేదు. సంతకములు చేసినవారిలో కొందరు నాపై కోపించిరి. అది నాకు తగినదే.

ప్రధానోపాధ్యాయులు లంకల విద్యార్థులను పరీక్షల వరకు వసతిగృహమున నుండనిచ్చిరి. చోటు చాలక, బాలురు వరండాలో చాపలు పరచుకొనిరి. పండ్రెండవ దినమున పలకలు మారినవి. జాకెట్లు వచ్చినవి. అధికారి మరల వచ్చి చూచి క్రొత్త పత్రమిచ్చెను. సరంగు తానే కోరి, పడవ ప్రక్కను తెల్లరంగుతో గీత వేయించుకొనెను.

మరునాటి యుదయమున మామూలుగా 40 మంది రేవున నిలిచిరి. 24 మంది యెక్కగానే సరంగు గెడ అడ్డము పెట్టెను. “తాతా, ఇంకొక్కరమే! మొదటి గంట కొట్టేస్తారు!” అని పిల్లలు బ్రతిమాలిరి. అతడు గీత చూపి, పడవ త్రోసికొని పోయెను. వెనుకబడిన 16 మంది ఆలస్యముగా వచ్చి తరగతి బయట నిలిచిరి.

వారి నట్లు చూచినప్పుడు మాకు తెలిసినది: పడవలో బరువు పెంచినవాడు సరంగొక్కడే కాదు, మన పాఠశాల గంటయు పెంచినది! అందరును ఒక్క గంటకే రావలెను. ఉన్నది యొక్క పడవ. ప్రధానోపాధ్యాయులు లంకల విద్యార్థులకు పావుగంట సడలింపు నిచ్చిరి. పడవ రెండుమారులు తిరుగ నారంభించెను. రెండవమారు నూనె ఖర్చునకై కొందరు తల్లిదండ్రులు నెలకు కొలది సొమ్ము హెచ్చుగా నిచ్చుట కొప్పుకొనిరి. కొందరింకను ఒప్పుకొనలేదు. వారిలో పేదలు గలరు గనుక వారిని నిందింపను. ఆ లోటు నెట్లు పూడ్చవలెనో పెద్దలింకను ఆలోచించుచున్నారు.

7. మరువరాని దినములు

అనుమతిని, గీతను, కవచమును తేలికగా చూచినందున, లేక నదిని తక్కువగా నెంచినందున కలిగిన దుఃఖము మనకు దూరపు కథ కాదు. 2017 నవంబరు 12న కృష్ణపై ఇబ్రహీంపట్నము సమీపమున పవిత్రసంగమమువద్ద పడవ తిరగబడి 20 మందికి పైగా మరణించిరి. ఆ పడవకు అచ్చట తిరుగుట కనుమతి లేదు. 2018 జూలై 14న గౌతమిపై పశువుల్లంక సమీపమున నాటుపడవ యొకటి నిర్మాణములోనున్న వంతెన స్తంభమునకు కొట్టుకొని తిరగబడగా, మీ యీడు విద్యార్థినులు నీటిపాలైరి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నము మండలమున కచ్చులూరు వద్ద, వరద గోదావరిలో విహారమునకు పోయిన లాంచి మునిగి 45 మందికి పైగా చనిపోయిరి.

ఈ తేదీలను చరిత్ర పాఠములోని తేదీలవలె వల్లించుటకు గాదు నేను చెప్పినది. పడవలో కాలు పెట్టునప్పుడు జ్ఞాపకము చేసికొనుటకు చెప్పితిని.

8. ప్రయాణికుని ధర్మములు

అనుమతిపత్రము గోడపై నుండు కాగితము. దానికి ప్రాణము పోయువాడు ప్రయాణికుడు. కావున:

ఒకటి: పడవ యెక్కినంతనే పత్రముపై గడువు తేదీని, జనసంఖ్యను చదువుడు.

రెండు: సంఖ్య నిండినచో, పరీక్షదినమైనను, పెండ్లిదినమైనను, రెండవమారు వరకు ఆగుడు. సరంగును బ్రతిమాలకుడు. బ్రతిమాలుటయు బరువే.

మూడు: లైఫ్‌జాకెట్టు నెక్కగానే కట్టుకొనుడు. నీటిలో పడిన పిమ్మట దానిని వెదకికొనుట సాధ్యముగాదు. మనుష్యదేహము నీట నించుమించుగా తేలునదే. తలను పైకి నిలుపుటకు కొంచెము సాయము చాలును. ఆ కొంచెమే జాకెట్టు.

నాలుగు: కూర్చుండుడు. అల వచ్చినను, వాన వచ్చినను ఒక ప్రక్కకు గుంపుగా జరుగకుడు.

అయిదు: వరదకాలమున రేవు మూసినచో, మూసినవారిని తిట్టకుడు.

ఈ యేడు మరల ఫిబ్రవరి వచ్చును. మరల పడవ గట్టెక్కును. మరల చువ్వ పలకలను తట్టును. ఆ దినమున పదునేనుగురు గాక, రాదలచిన వారందరును రావచ్చును. కాని అర్జీ వ్రాయుటకు మాత్రము నన్ను పిలువవలదు.

అభ్యాసము

1. 10 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల నలుపలక పంటు 1 సెంటీమీటరు మునుగుటకు ఎన్ని కిలోల బరువు కావలెను?

2. ఆ పంటుపై 60 కిలోల మనుష్యులు 30 మంది యెక్కిన, అది మరి యెన్ని సెంటీమీటర్లు దిగును?

3. రేవు హక్కు, పడవ పరీక్ష, సరంగు యోగ్యత అను మూడింటిలో ఒక్కొక్కటి లేనప్పుడు కలుగు కీడును ఒక్కొక్క యుదాహరణముతో వ్రాయుము.

4. మీ రేవుపడవలోని పత్రమును చదివి, దాని గడువు తేదీని, జనసంఖ్యను మీ పుస్తకమున వ్రాసికొని రండు. ఆ యుదయమున మీతో కూడ పడవలో నెందరుండిరో, ఆ సంఖ్యను గూడ దాని ప్రక్కనే వ్రాయుడు.